కొలనోస్కోపీలో ఏఐ: డాక్టర్ కంటికి తోడు, బదులు కాదు

పెద్దపేగు క్యాన్సర్ రాత్రికి రాత్రి వచ్చే జబ్బు కాదు. చాలావరకు పేగు లోపలి గోడ మీద పుట్టే చిన్న పాలిప్‌తో మొదలవుతుంది. అందులో ‘అడినోమా’ అనే రకం కొన్నేళ్లకు క్యాన్సర్‌గా మారొచ్చు. కొలనోస్కోపీలో చివర కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో పెద్దపేగంతా చూస్తారు. పాలిప్ కనిపిస్తే చాలాసార్లు అప్పుడే తీసేస్తారు కూడా.

చిక్కల్లా ఏంటంటే, కొన్ని పాలిప్‌లు చదునుగా, గోడ రంగులోనే ఉంటాయి. ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా కొన్నిసార్లు వాటిని గమనించకుండా దాటిపోవచ్చు. ఇక్కడే ఏఐ అక్కరకొస్తోంది.

ఎలా పనిచేస్తుంది?

పాలిప్‌ల చిత్రాలు, వీడియోలతో శిక్షణ ఇచ్చిన సాఫ్ట్‌వేర్, కెమెరా దృశ్యాలను అప్పటికప్పుడు పరిశీలిస్తుంది. అనుమానం వచ్చిన చోట తెర మీద గడి గీసి చూపిస్తుంది. అది నిజంగా పాలిప్పేనా, తీయాలా వద్దా అన్నది డాక్టరే తేలుస్తారు. ఇలాంటిదే అయిన ‘జీఐ జీనియస్’కు అమెరికా ఎఫ్‌డీఏ 2021 ఏప్రిల్‌లో అనుమతి ఇచ్చింది.

లాభమెంత?

ఇటలీలో 685 మందిపై చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. ఏఐ సాయంతో చూసినవారిలో 54.8 శాతం మందికి అడినోమా కనబడింది. ఏఐ లేకుండా చూసినవారిలో అది 40.4 శాతమే. అయితే అదనంగా దొరికినవి ఎక్కువగా చిన్నవే.

ఇంకో సంగతీ ఉంది. పోలండ్ అధ్యయనం 2025లో వచ్చింది. అక్కడి కేంద్రాల్లో ఏఐ వాడకం మొదలయ్యాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో అడినోమాల గుర్తింపు 28.4 నుంచి 22.4 శాతానికి పడిపోయింది. కారణం ఏఐ అలవాటేనని దీన్నిబట్టి ఖాయంగా చెప్పలేం గానీ, డాక్టర్ నైపుణ్యం తగ్గకూడదన్న హెచ్చరిక మాత్రం ఉంది.

మనం చేయాల్సింది

కెమెరాకు కనిపించనిది ఏఐకీ కనిపించదు. అందుకే పరీక్షకు ముందు ఇచ్చే విరేచనాల మందు చెప్పినట్టు పూర్తిగా తాగాలి. షుగర్ మందులు, రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే డాక్టర్‌కు చెప్పాలి. మీ అంతట మీరు ఆపొద్దు.

మలంలో రక్తం పడితే ‘మొలలే కదా’ అని సర్దుకోవద్దు. మలవిసర్జన అలవాటు మారి అలాగే కొనసాగినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత ఉన్నా డాక్టర్‌కు చూపించుకోండి. తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, మీకు పరీక్ష ఎప్పుడు అవసరమో ముందే అడగండి. ఇంట్లో అమ్మీ, నానీ సిగ్గుతో చెప్పకపోవచ్చు. మనమే అడగాలి. ఎంత మంచి మిషన్ వచ్చినా, మనిషి ఆసుపత్రి దాకా వెళ్తేనే కదా అది పనికొచ్చేది!