వెబ్ సౌలభ్యత (చిన్న వ్యాపారాలు)

వెబ్ సౌలభ్యత అనగా చూపు, వినికిడి, అవయవాల కదలిక, గ్రహణశక్తి మొదలైన వాటిలో లోపం ఉన్నవారు కూడా ఇతరుల వలెనే ఒక వెబ్‌సైటును చదివి, అందులోని పనులను స్వయంగా పూర్తిచేసుకొనేలా దానిని నిర్మించడం. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు ఉన్నారు. దుకాణం మెట్లు ఎక్కలేనివారికి ఇంటి నుండే సరుకు కొనుక్కొనే వీలును వెబ్‌సైటు కల్పిస్తుంది. అయితే నిర్మాణం సరిగా లేకపోతే అదే మరొక మెట్ల వరుస అవుతుంది.

ఉపయోగించే విధానం

అంధులు తెరపై ఉన్న పాఠ్యాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేరును వాడతారు. 2006లో ఆస్ట్రేలియాలో ప్రారంభమైన ఎన్‌వీడీఏ ఇటువంటిదే, ఇది ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్, ఐఫోన్లలో వాయిస్‌ఓవర్ ఈ పని చేస్తాయి. చేతులతో మౌస్ పట్టలేనివారు కీబోర్డు మీటలతోనే పేజీలో ముందుకు సాగుతారు. బధిరులకు వీడియోలలోని మాటలు అక్షరరూపంలో కావాలి.

ప్రమాణాలు

వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1999లో వెబ్ సౌలభ్యతకు మొదటి మార్గదర్శకాలను ప్రచురించింది. 2008లో రెండవ సంచిక, 2018లో 2.1, 2023లో 2.2 వెలువడ్డాయి. వీటికి నాలుగు సూత్రాలు మూలం: విషయం ఇంద్రియాలకు అందాలి, పేజీని నడపగలగాలి, అర్థం కావాలి, వేర్వేరు సాధనాలతో పనిచేయాలి. ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మూడు స్థాయిలున్నాయి.

సాధారణ లోపాలు, సవరణలు

* ధరల పట్టికను ఫోటోగా పెట్టడం: బొమ్మలోని అక్షరాలను స్క్రీన్ రీడర్ సాధారణంగా నమ్మకంగా చదవలేదు. ధరలను పాఠ్యంగా టైపు చేయాలి. వస్తువుల బొమ్మలకు వివరణ జోడించాలి. "బొమ్మ 1" అని కాక "ఎర్ర అంచు గల పసుపు పట్టుచీర" అని వ్రాస్తే కొనుగోలుదారుకు ఉపయోగం.
* లేత రంగు అక్షరాలు: డబుల్ ఏ స్థాయికి మామూలు అక్షరాలకు, వెనుకనున్న రంగుకు మధ్య వ్యత్యాసం కనీసం 4.5:1 ఉండాలి.
* పేరులేని గడులు: చిరునామా, ఫోను నంబరు గడులకు కోడ్‌లోనే పేరు జతచేయాలి. లేనిచో ఏ గడిలో ఏమి వ్రాయాలో వినేవారికి తెలియదు.
* రంగుతో మాత్రమే తప్పును చూపడం: ఎరుపు గీతతో పాటు తప్పేమిటో మాటలలో చెప్పాలి.

తెలుగు వెబ్‌సైట్లు

యూనికోడ్ వాడుక పెరగక ముందు అనేక తెలుగు సైట్లు సొంత ఫాంట్లను వాడేవి. వాటిలో తెలుగు అక్షరాల వెనుక ఆంగ్ల అక్షరాల సంకేతాలే ఉండేవి కనుక స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని అక్షరాలు మాత్రమే అందేవి. యూనికోడ్‌లో వ్రాసి, పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ప్రకటిస్తే ఈ ఇబ్బంది తొలగుతుంది.

చట్టాలు

భారతదేశంలో వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉంది. దీని 46వ సెక్షను ప్రకారం సేవలందించే ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలు రెండూ కేంద్రం రూపొందించే సౌలభ్య నియమాలను పాటించాలి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవల అందుబాటును రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగంగా పేర్కొన్నది. అమెరికాలో డామినోస్ పిజ్జా వెబ్‌సైటుపై ఒక అంధుడు 2016లో దావా వేయగా, వికలాంగుల చట్టం ఆ సైటుకూ వర్తిస్తుందని 2019లో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది.

పరీక్షించే విధానం

మౌస్‌ను పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్ మీటలతోనే ఒక వస్తువును ఎంచుకొని డబ్బు చెల్లించే వరకు వెళ్ళి చూడాలి. తరువాత అక్షరాలను 200 శాతానికి పెంచి, స్క్రీన్ రీడర్‌తో విని చూడాలి. ఒక్క చిన్న ప్రోగ్రామును అతికిస్తే సైటంతా ప్రమాణాలకు సరిపోతుందనే ప్రకటనలను నమ్మరాదు. ఇటువంటి ప్రచారం చేసిన ఒక సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో 10 లక్షల డాలర్ల చెల్లింపు విధించింది. స్వయంచాలిత పరీక్షలు కొన్ని లోపాలనే పట్టుకొంటాయి. కనుక స్క్రీన్ రీడర్ వాడే వారిచేత పరీక్ష చేయించడమే నమ్మదగిన పద్ధతి.