మన ఊరి దిగంతం

సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకొన్న మూడవ తరం వాళ్ళం మేము. ఒకనాడు ‘స్కైలైన్’ అనే మాటకు తెలుగు వెదికాము. ‘దిగంతం’ దొరికింది, అంటే దిక్కు ముగిసే చోటు. ఇంగ్లీషులోనూ మొదట ఆ మాటకు నింగీ నేలా కలిసే గీత అనే అర్థం. 19వ శతాబ్ది చివర న్యూయార్కులో ఎత్తైన మేడలు లేచాక వాటి వరుసకూ ఆ పేరు వచ్చింది.

1956లో ఐదు ఊళ్ళు కలిసి ఏర్పడిన మన ఫ్రీమాంటుకు అంతటి మేడల వరుస లేదు. తూర్పున 2,500 అడుగులు దాటి నిలిచిన మిషన్ పీక్ గీసే గీతే మన దిగంతం. 1797లో దాని పాదాన మిషన్ శాన్ హోసే వెలిసే నాటికే ఒలోనీ ప్రజలు తరతరాలుగా ఆ గీతను చూస్తున్నారు.

కీర్తి దిగంతాలకు వ్యాపించిందని మన పెద్దలు అనేవారు. దిగంతం దాకా వచ్చిన మనం ఆ మాటను మరువరాదు. రేపు ఉదయం పిల్లలకు కొండను చూపి, వారి నోట ఆ మాట పలికించండి.