డిగ్రీ తర్వాత ఏడాది విదేశీ బోర్డింగ్ స్కూల్‌లో ట్యూటర్‌గా: దారి ఏది, ఖర్చెంత, ఇంట్లో ఏం మాట్లాడుకోవాలి?

సికింద్రాబాద్: డిగ్రీ అయ్యాక వెంటనే ఎంబీఏలోనో ఉద్యోగంలోనో చేరకుండా, ఒక ఏడాది విదేశంలో పనిచేసి రావాలనుకునే పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. దీన్నే గ్యాప్ ఇయర్ అంటారు. బ్రిటన్, ఆస్ట్రేలియా బోర్డింగ్ స్కూళ్లు ఇలాంటి యువతను ట్యూటర్లుగా తీసుకుంటాయి. అయితే మనవాళ్లకు ఉన్న దారులు తక్కువ. వాటి గురించి సరిగ్గా తెలియకపోతే డబ్బులు పోయేది ఏజెంట్ దగ్గరే.

పని ఏమిటి?

మన మైనారిటీ గురుకులాల్లో చదివినవారికి ఇది సులువుగానే అర్థమవుతుంది. సాయంత్రం స్టడీ అవర్స్‌లో పిల్లల దగ్గర కూర్చోవడం, హోంవర్క్‌లో సాయం చేయడం, ఆటలు ఆడించడం, వారాంతాల్లో బయటకు తీసుకెళ్లడం, కొన్ని రాత్రులు హాస్టల్ డ్యూటీ చేయడం. ఇది క్లాస్ టీచర్ ఉద్యోగం కాదు కాబట్టి చాలా చోట్ల బీఈడీ అడగరు. ప్రకటనల్లో ‘గ్రాడ్యుయేట్ అసిస్టెంట్’, ‘బోర్డింగ్ అసిస్టెంట్’, ‘రెసిడెంట్ ట్యూటర్’ అనే పేర్లు కనిపిస్తాయి. ఉండటానికి గది, భోజనం స్కూల్‌లోనే ఉంటాయి.

బ్రిటన్ దారి

ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ 2023లో మొదలైంది. ఏడాదికి 3,000 వీసాలు. వయసు 18 నుంచి 30 లోపు, కనీసం బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి. రెండేళ్ల వరకు ఉండి దాదాపు ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. ముందే స్కూల్ నుంచి ఆఫర్ లెటర్ ఉండాలన్న షరతు లేదు. భార్యాపిల్లలను ఈ వీసాపై తీసుకెళ్లడానికి వీల్లేదు. గడువు పొడిగించరు.

ముందుగా లాటరీ ఉంటుంది. దాన్ని బ్యాలట్ అంటారు. ఇప్పటివరకు ఏటా ఫిబ్రవరి, జులైల్లో రెండు రోజుల పాటు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తెరిచారు. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ వివరాలు ఇస్తే చాలు. ఫీజు సున్నా. ఒక బ్యాలట్‌లో ఒక్కసారే పేరు ఇవ్వాలి, రాకపోతే తర్వాతి దాంట్లో మళ్లీ ఇవ్వొచ్చు. అందుకే “బ్యాలట్‌లో సీటు ఇప్పిస్తాం, యాభై వేలు కట్టండి” అని ఎవరైనా అంటే నమ్మకండి. అది ఎవరి చేతిలోనూ లేదు.

పేరు వస్తే వీసాకు దరఖాస్తు చేయడానికి సాధారణంగా 90 రోజులు ఇస్తారు. వీసా వచ్చాక ఆరు నెలల్లోపు బ్రిటన్ చేరాలి. అక్కడ విద్యా సంవత్సరం సెప్టెంబర్‌లో మొదలవుతుంది కాబట్టి ఫిబ్రవరి బ్యాలట్ దీనికి బాగా సరిపోతుంది. జులై బ్యాలట్‌లో వచ్చినవారు జనవరి టర్మ్ కోసం చూసుకోవాలి.

ఖర్చు లెక్క

2025 ఏప్రిల్ నాటి వీసా ఫీజు 319 పౌండ్లు. ఆరోగ్య సర్‌చార్జ్ ఏడాదికి 776 చొప్పున రెండేళ్లకు 1,552. ఆ లెక్కన మొత్తం 1,871 పౌండ్లు. పౌండు 115 రూపాయలు అనుకుంటే దాదాపు 2.15 లక్షలు. వీసా రాకపోతే సర్‌చార్జ్ వెనక్కి వస్తుంది, ఫీజు రాదు.

ఇది కాకుండా 2,530 పౌండ్లు, అంటే సుమారు 2.9 లక్షలు, అభ్యర్థి ఖాతాలో వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. అది ఎవరికీ కట్టే డబ్బు కాదు, అక్కడికి వెళ్లాక మొదటి నెలల్లో మీకే పనికొస్తుంది. టీబీ టెస్ట్, విమానం టికెట్ వేరే. ఇంత మొత్తం వడ్డీకి తెచ్చి వెళ్లాల్సిన పరిస్థితి ఉంటే ఆగడమే మంచిది. ఈ పనిలో మిగిలేది తక్కువ.

జీతం విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. బ్రిటన్‌లో 21 ఏళ్లు, ఆపై వయసు వారికి కనీస వేతనం 2025 ఏప్రిల్‌లో గంటకు 12.21 పౌండ్లుగా ఉండేది. గది ఇచ్చినందుకు స్కూల్ లెక్కలో చూపగలిగేది అప్పట్లో రోజుకు 10.66 పౌండ్ల వరకే. భోజనాన్ని కనీస వేతనంలో కలపడానికి చట్టం ఒప్పుకోదు. ఈ రేట్లు ఏటా ఏప్రిల్‌లో మారుతుంటాయి. కాంట్రాక్టులో వారానికి ఎన్ని గంటలో రాసి ఉందా అని చూడండి.

ఆస్ట్రేలియా, అమెరికా, గల్ఫ్

ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా (సబ్‌క్లాస్ 462) భారతీయులకు ఏడాదికి 1,000 ఇస్తున్నారు. మొదటి బ్యాలట్ 2024 అక్టోబర్‌లో జరిగింది, రిజిస్ట్రేషన్ 25 ఆస్ట్రేలియా డాలర్లు. వయసు 18 నుంచి 30. ఒకే యజమాని దగ్గర సాధారణంగా ఆరు నెలలకు మించి పనిచేయకూడదు. అంటే స్కూల్‌లో ఏడాది మొత్తం కుదరకపోవచ్చు.

ఉర్దూ బాగా వచ్చిన యువ టీచర్లకు అమెరికాలో ఫుల్‌బ్రైట్ భాషా బోధన సహాయకుల పథకం ఉంది. అది కాలేజీలకు సంబంధించింది, బోర్డింగ్ స్కూళ్లకు కాదు. గల్ఫ్‌లోని మన ఇండియన్ స్కూళ్లు ఎక్కువగా డే స్కూళ్లు, అక్కడ టీచర్ పోస్టుకు సాధారణంగా బీఈడీ కావాలి. ఏ దేశమైనా సరే, విజిట్ వీసాపై పంపి ‘అక్కడికెళ్లాక మారుస్తాం’ అనేవారికి దూరంగా ఉండండి.

సికింద్రాబాద్‌లో చేసుకోవాల్సిన పని

పిల్లలతో పని కాబట్టి నేర చరిత్ర తనిఖీ తప్పదు. బ్రిటన్ స్కూళ్లు అక్కడి డీబీఎస్ చెక్‌తో పాటు మన దేశపు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడుగుతాయి. దీనికి పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయాలి, ఫీజు 500 రూపాయలు. మన ప్రాంతానికి ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయం సికింద్రాబాద్‌లోనే ఉంది. పాస్‌పోర్ట్‌లో, డిగ్రీ పట్టాలో పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. మహమ్మద్, మొహమ్మద్, ఎండీ అని ఒక్కో కాగితంపై ఒక్కోలా ఉండటం మన ఇళ్లలో మామూలే. అక్కడే ఫైల్ ఆగుతుంది.

నమాజ్, రోజా, భోజనం

ఇంటర్వ్యూలో అడగడానికి మొహమాటపడొద్దు. బ్రిటన్‌లో 2010 ఈక్వాలిటీ చట్టం మతం ఆధారంగా వివక్షను నిషేధించింది. అడగాల్సినవి ఇవి:

- హలాల్ భోజనం ఉందా, లేకపోతే శాకాహారం, చేపలు రోజూ దొరుకుతాయా?
- జుమా సమయంలో డ్యూటీ మార్చుకోవచ్చా? మసీదు ఎంత దూరం?
- స్కూల్ చర్చికి సంబంధించినదైతే పిల్లలను చాపెల్‌కు తీసుకెళ్లే డ్యూటీ ఉంటుందా?
- రంజాన్‌లో సహరీ, ఇఫ్తార్ వేళల్లో కిచెన్ తెరుస్తారా?
- క్రిస్మస్, ఈస్టర్ సెలవుల్లో గది ఇస్తారా, లేక ఖాళీ చేయాలా?

వచ్చే కొన్నేళ్లు రంజాన్ చలికాలంలో వస్తుంది. అక్కడ పగలు చిన్నది కాబట్టి రోజా తేలికే. జూన్‌లో మాత్రం ఇషా రాత్రి బాగా ఆలస్యం, ఫజర్ మరీ తొందర.

అమ్మాయిల విషయంలో ఆడపిల్లల హాస్టల్‌లోనే గది, డ్యూటీ ఉండే స్కూళ్లు ఉన్నాయి. మహ్రమ్ లేకుండా పంపడంపై ఇంట్లో సందేహం ఉంటే బ్యాలట్‌లో పేరు ఇవ్వకముందే కూర్చుని మాట్లాడుకోండి, నమ్మకమున్న ఆలిమ్‌ను అడగండి. లక్షలు కట్టాక వచ్చే గొడవ ఎవరికీ మంచిది కాదు.

తిరిగొచ్చాక?

ఎంబీఏ ఇంటర్వ్యూలో ఆ ఏడాది ఏం చేశారో చెప్పడానికి స్కూల్ ఇచ్చిన అనుభవ పత్రం ఉపయోగపడుతుంది, వచ్చే ముందే తీసుకోండి. టీచింగ్‌లోకి వెళ్లాలనుకుంటే మాత్రం ఇది బీఈడీకి బదులు కాదు. వయసు 30 దాటితే ఈ దారి మూసుకుపోతుంది, కాబట్టి వెళ్లాలనుకునేవారు ముందు పాస్‌పోర్ట్, డిగ్రీ పట్టా చేతిలో పెట్టుకుని తర్వాతి బ్యాలట్ తేదీ కోసం ప్రభుత్వ వెబ్‌సైట్‌నే చూస్తూ ఉండాలి.