హార్మోనియం తర్వాత కీబోర్డు

తెలుగు నాటకంలోకి పాట తెచ్చినవారిలో మా ధర్మవరంలో పుట్టిన రామకృష్ణమాచార్యులు (1853–1912) ముందుంటారు. పాట వెంటే హార్మోనియమూ నిలదొక్కుకుంది. గమకం పలకదని 1940లో ఆల్ ఇండియా రేడియో దాన్ని గెంటేసింది, 1971 దాకా గడప తొక్కనివ్వలేదు. నాటకాలవాళ్లు మాత్రం వదల్లేదు.

ఇప్పుడు హిందూపురం, పెనుకొండ పల్లెల్లో దాని చోటికి కీబోర్డు వచ్చింది. నేను రెండూ వాయిస్తాను. బటన్ నొక్కితే తబలా దానంతటదే మోగుతుంది. తబలా ఆయనకు పిలుపులు తగ్గాయి. కానీ పద్యం తాళానికి కట్టుబడదు. కాటిసీనులో హరిశ్చంద్రుడు రాగం లాగుతాడు, జనం వన్స్‌మోర్ అంటారు, ఆయన మళ్లీ ఇంకో దారిలో ఎత్తుకుంటాడు. ఊపిరి ఎక్కడ తీస్తాడో కనిపెట్టి వేళ్లు కదపాలి. పాటకు మిషను సరిపోవచ్చు, పద్యానికి మనిషే కావాలి.