ఓరుగల్లు నేర్పిన వార్ధక్య ధర్మము

వయసు మీరిన వారితో "ఇక కృష్ణా రామా యనుకొని కూర్చుండుడు" అని చెప్పుట మన యిండ్లలో పరిపాటి. ఆ మాటలో ఆదరము కలదు. మీతో మాకిక పని లేదను తీర్పు కూడ కలదు. వానప్రస్థము మన పూర్వులు చెప్పినదే. కాని పదవిని విడుచుట వేఱు, కర్తవ్యమును విడుచుట వేఱు. ఈ భేదమును ఓరుగంటి చరిత్రలో మనము స్పష్టముగా చూడవచ్చును.

కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1199లో సింహాసనమెక్కి సుమారు ఆఱు దశాబ్దములు రాజ్యమేలెను. తుదిదశయందు, తాను జీవించియుండగనే, పాలనాభారమును కుమార్తె రుద్రమదేవికి అప్పగించెను. ఆమె 1289 వరకు రాజ్యమును నిలిపెను. సమయమెఱిగి సమర్థుల చేతికి అధికారమిచ్చుట వృద్ధుడు చేయదగిన పెద్ద పనులలో నొకటి.

ఏడు శతాబ్దముల తరువాత అదే నగరమున, అప్పగించుటకు సింహాసనము లేని మఱియొక వృద్ధుని చూతము. కాళోజీ నారాయణరావుగారు 1914 సెప్టెంబరు 9న జన్మించిరి; ఓరుగంటి చేరువనున్న మడికొండలో పెరిగిరి. నిజాము పాలనలో ఉద్యమించి కారాగారవాసము చేసిరి; 1958 నుండి 1960 వరకు శాసనమండలి సభ్యులుగా నుండిరి. అత్యవసర పరిస్థితి అనంతరము, అఱువదియేండ్లు దాటిన వయసున, సత్తుపల్లిలో ముఖ్యమంత్రి జలగం వెంగళరావుగారిపై పోటీచేసి ఓడిపోయిరి. అది గెలుపు కొఱకు చేసిన పోటీ కాదనియు, తన యసమ్మతిని ప్రజల యెదుట నిలుపుటకే చేసినదనియు మా యభిప్రాయము. 1992లో పద్మవిభూషణము లభించినను ఆయన "గొడవ" ఆగలేదు. తన జీవితకథకు సయితము "ఇదీ నా గొడవ" యనియే పేరు పెట్టిరి.

2002 నవంబరు 13న, ఎనుబది యెనిమిదవ యేట, వారు కన్నుమూసిరి. వారి కోరిక ననుసరించి దేహమును కాకతీయ వైద్యకళాశాల కిచ్చిరి. నేడు ఓరుగంటిలోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయమునకు వారి పేరే యున్నది.

క్రీ.పూ. 44లో రోమను వక్త సిసెరో వార్ధక్యమును గూర్చి గ్రంథము వ్రాసి, ఘనకార్యములు దేహబలముచే గాక ఆలోచనచే సాగునని వాదించెను. వాదము సత్యమే. అయినను మోకాళ్ళు, చూపు సహకరింపని వృద్ధునికి ముందు కావలసినవి అన్నము, మందు, ఒక చేతి యాసరా. అవి యీయక జీవితార్థమును బోధించుట న్యాయము కాదు. అందఱును కాళోజీలు కాజాలరు, కానక్కఱలేదు కూడ.

కాని ఆసరాతోనే మన బాధ్యత తీరదు. పొలము అమ్ముటయో, పిల్లల చదువో, పెండ్లియో నిర్ణయింపవలసి వచ్చినపుడు ఇంటి పెద్దను పిలిచి కూర్చుండబెట్టుకొని అడుగుదము. ఆయన చెప్పినది మనకు రుచింపకపోవచ్చును. అయినను మాట పూర్తిగా చెప్పనిత్తము. తన మాటకు ఇంకను చోటున్నదని తెలిసిన మనిషికి మఱునాటి ఉదయమున లేచుటకు ఒక కారణముండును.