వారవేతనం – చిత్రహక్కులు: హాలీవుడ్ హాస్యనటుల ఆదాయ పరిశీలన

1. ఉపోద్ఘాతం:

ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో హాలీవుడ్ స్టూడియోలు నటులకు సాధారణంగా వారం లెక్కన జీతం చెల్లించేవి. హాస్యనటులలో కొందరి వారవేతనం అసాధారణంగా పెరిగింది. అయితే వారి దీర్ఘకాల ఆర్థికస్థితిని నిర్ణయించినది వేతనం కంటే చిత్రాలపై ఉన్న యాజమాన్యహక్కే. ప్రముఖ హాస్యనటుల ఒప్పందాల ఆధారంగా ఈ విషయాన్ని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

2. చార్లీ చాప్లిన్:

చాప్లిన్ 1913లో కీస్టోన్ సంస్థతో వారానికి 150 డాలర్లకు ఒప్పందం చేసుకున్నారు. 1915లో ఎస్సనే సంస్థ 1,250 డాలర్లు, 1916లో మ్యూచువల్ సంస్థ 10,000 డాలర్లు వారవేతనంగా ఇచ్చాయి. సంతకం సమయంలో మ్యూచువల్ ఇచ్చిన 1,50,000 డాలర్లను కలిపితే ఏడాది ఆదాయం 6,70,000 డాలర్లు. 1917లో ఫస్ట్ నేషనల్ సంస్థతో ఎనిమిది చిత్రాలకు పది లక్షల డాలర్లకు పైగా ఒప్పందం కుదిరింది. ఇందులో మొత్తం కన్నా ముఖ్యమైనది, నిర్ణీత గడువు తరువాత చిత్రహక్కులు చాప్లిన్‌కు చెందడం. 1919లో మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్, డి. డబ్ల్యూ. గ్రిఫిత్‌లతో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థను స్థాపించడంతో ఆయన పంపిణీలోనూ భాగస్వామి అయ్యారు.

3. బస్టర్ కీటన్:

స్వేచ్ఛగా చిత్రాలు తీసిన కీటన్ 1928లో ఎం.జి.ఎం. స్టూడియోలో చేరారు. వారవేతనం 3,000 డాలర్లు. నిర్మాణ నిర్ణయాలు మాత్రం స్టూడియోవే. 1933లో ఆయనను తొలగించారు. కొన్నేళ్ల తరువాత అదే స్టూడియోలో ఇతరుల చిత్రాలకు హాస్యసన్నివేశాలు సమకూర్చే పనికి వారానికి 100 డాలర్లతో కుదురుకున్నారు. హక్కులు లేనిచోట, ఉద్యోగంతోపాటే ఆదాయమూ పోతుందనడానికి ఇది ప్రబల నిదర్శనం.

4. లారెల్, హార్డీ:

తెరపై విడదీయరాని ఈ జంటతో నిర్మాత హాల్ రోచ్ విడివిడిగా ఒప్పందాలు చేసుకున్నారు. వాటి గడువులు వేర్వేరు సమయాల్లో ముగిసేవి. అందువల్ల ఇద్దరూ ఒక్కటై బేరమాడే వీలు లేకపోయింది. లారెల్ వేతనం హార్డీ వేతనం కంటే ఎక్కువ. చిత్రాల యాజమాన్యం వారిది కాకపోవడంతో, టెలివిజన్‌లో అవి విస్తారంగా ప్రసారమైనా వారికి ప్రతిఫలం అందలేదు.

5. ముగింపు:

రోచ్ వద్దే ఎదిగిన హెరాల్డ్ లాయిడ్ 1923లో విడివడి, సొంత సంస్థ ద్వారా తన చిత్రాల హక్కులు నిలుపుకొని సంపన్నుడిగా జీవించారు. కీటన్ వేతనం కూడా ఆనాటికి పెద్ద మొత్తమే. కనుక ఈ నటుల జీవితాలలోని అంతరానికి ప్రజాదరణ, ప్రతిభ మాత్రమే కారణాలు కావు. ఒప్పందంలో హక్కు ఎవరి పేరిట ఉన్నదనేదే ప్రధాన కారణమని స్పష్టమవుతున్నది.