మిరియమ్ హాస్కెల్ హారాలు
అమెరికన్ గిల్టు నగల్లో పాతబడినా గిరాకీ తగ్గనివి ఈ హారాలు. ఇండియానాలో పుట్టిన మిరియమ్ హాస్కెల్ (1899–1981) 1920లలో న్యూయార్క్‌లో దుకాణం తెరిచారు. తొలి దశాబ్దాల నమూనాల్లో ఎక్కువ భాగం డిజైనర్ ఫ్రాంక్ హెస్ చేతివే. బంగారం లేదు, అసలు ముత్యమూ లేదు, ఉన్నదల్లా పనితనం. చిల్లుల ఇత్తడి బిళ్ల మీద గాజు ముత్యాలను, పూసలను, తెల్లరాళ్లను సన్నని తీగతో ఒక్కొక్కటిగా చేత్తో కట్టి, ముడులు కనబడకుండా వెనక మరో బిళ్ల బిగించేవారు. కొక్కెం కూడా ముందుభాగమంత ముచ్చటగా ఉంటుంది. హాలీవుడ్ తార జోన్ క్రాఫోర్డ్ వీటిని ఇష్టపడి సేకరించారు. 1940ల చివరిదాకా చాలా నగలపై సంస్థ పేరు వేయలేదు. కాబట్టి పేరు లేనంత మాత్రాన నకిలీ అనుకోకూడదు. కొనేవారు తీగ కట్టుడును, హారాన్ని తిప్పి వెనక బిళ్లను చూడాలి.